లేజర్‌కూ నాడి చూడాలి!

కంట్లో పొర తీయాలన్నా, కిడ్నీలో రాయి పగలగొట్టాలన్నా, కళ్లజోడు వదిలించుకోవాలన్నా ఇప్పుడు అందరి నోటా ఒకటే మాట- లేజర్. కానీ లేజర్లన్నీ ఒకటి కాదు. ఒకటి కాల్చి పని చేస్తుంది. ఇంకొకటి చుట్టుపక్కలకు వేడి సోకకుండానే కోస్తుంది. కాంతి ఎంతసేపు పడుతోందన్న దాన్నిబట్టే ఈ తేడా చాలావరకూ వస్తుంది. అతి తక్కువసేపు వెలిగే లేజర్ల తయారీలో ఇప్పుడు నానో పదార్థాల మీద పరిశోధన జోరుగా సాగుతోంది. దీని సంగతేమిటో, మన ఇంట్లో తీసుకునే చికిత్స నిర్ణయానికి ఇది ఎంతవరకూ అవసరమో తెలుసుకుందాం.

ఆసుపత్రి ఓపీలో తరచూ వినిపించే మాట ఒకటుంది. "అమ్మకు శుక్లం ఆపరేషన్ లేజర్‌తోనే చేయించామండీ" అంటారు. కాగితాలు తీసి చూస్తే అందులో 'ఫేకో' అని రాసి ఉంటుంది. నిజానికి ఫేకోలో శుక్లాన్ని ముక్కలు చేసేది లేజర్ కాదు, అల్ట్రాసౌండ్ తరంగాలు. మరోవైపు, శుక్లం ఆపరేషనైన కొన్ని నెలలకో, ఏళ్లకో లెన్సు వెనకాల పొర మందమై చూపు మసకబారితే ఓపీలోనే కూర్చోబెట్టి నిమిషాల్లో సరిచేసేది అచ్చంగా లేజరే. దాన్ని మాత్రం చాలామంది "ఏదో మిషన్ పెట్టి లైటు కొట్టారు" అని తేలిగ్గా చెబుతుంటారు.

ఈ గందరగోళం మాటల వరకే అయితే ఇబ్బంది లేదు. కానీ దీంతో డబ్బు ముడిపడి ఉంది. లేజర్ అన్న పేరు వినగానే 'కోత ఉండదు, నొప్పి ఉండదు, మామూలు ఆపరేషన్ కంటే మేలు' అని అనుకుంటాం. అందుకోసం అప్పు చేయటానికైనా సిద్ధపడతాం. కొన్ని జబ్బుల్లో ఆ నమ్మకం నిజమే. కొన్నింటిలో అదనంగా పెట్టిన సొమ్ముకు అదనంగా వచ్చేదేమీ ఉండదు. ఈ రెంటినీ విడదీసి చూడాలంటే లేజర్ ఎలా పనిచేస్తుందో కాస్తయినా తెలిసి ఉండాలి.

వెలుగు ఒకటే... వ్యవధి వేరు

పల్స్ అనగానే మనకు నాడి గుర్తుకొస్తుంది. లేజర్‌కూ అలాంటి నాడి ఉంటుంది. కొన్ని లేజర్లు టార్చిలైటులా నిలకడగా వెలుగుతూనే ఉంటాయి. కొన్ని వెలుగుతూ, ఆరుతూ తునకలు తునకలుగా కాంతిని పంపిస్తాయి. ఆ ఒక్కో తునకే పల్స్. అది ఎంతసేపు ఉంటుందన్నదే ఆ లేజర్ మన ఒంటి మీద ఏం చేస్తుందన్నది నిర్ణయిస్తుంది.

* నిలకడగా లేదా మిల్లీ సెకన్లలో: మిల్లీ సెకను అంటే సెకనులో వెయ్యో వంతు. మధుమేహంతో దెబ్బతిన్న రెటీనాకు చేసే లేజర్, కాళ్లలో ఉబ్బిన సిరలను లోపలి నుంచి మూసేసే లేజర్ ఈ కోవలోవి. ఇవి కణజాలాన్ని వేడి చేసి, గడ్డకట్టించి పని చేస్తాయి. ఇక్కడ మనకు కావాల్సిందే వేడి.

* మైక్రో సెకన్లలో: అంటే సెకనులో పది లక్షో వంతు లెక్క. మూత్రనాళం, కిడ్నీలోని రాళ్లను పగలగొట్టే హోల్మియం లేజర్‌లో ఒక్కో పల్స్ కొన్ని వందల మైక్రో సెకన్లు ఉంటుంది.

* నానో సెకన్లలో: సెకనులో వంద కోట్లో వంతు. శుక్లం ఆపరేషన్ తర్వాత వచ్చే పొరను చీల్చే యాగ్ లేజర్, నీటికాసుల సమస్యలో కంటి పీడనం తగ్గించే ఎస్‌ఎల్‌టీ లేజర్, పచ్చబొట్లు చెరిపే లేజర్లు ఈ రకం.

* ఫెమ్టో సెకన్లలో: నానో సెకనును పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క. ఇదెంత చిన్నదో ఊహించటమూ కష్టమే. ఒక్క సెకనులో ఎన్ని ఫెమ్టో సెకన్లు ఉంటాయో, దాదాపు 3 కోట్ల 17 లక్షల ఏళ్లలో అన్ని సెకన్లు ఉంటాయి! సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తే కాంతి కూడా 100 ఫెమ్టో సెకన్లలో ప్రయాణించేది మిల్లీమీటరులో నూటికి మూడు వంతులే. అంటే వెంట్రుక మందమంత కూడా కాదు. కళ్లజోడు తీసేయటానికి చేసే లాసిక్, స్మైల్ వంటి చికిత్సల్లో ఇలాంటి లేజర్లనే వాడుతున్నారు.

వేడి పాకేలోపే పని పూర్తి

దీపం మంట మీదుగా వేలిని చటుక్కున అటు నుంచి ఇటు తిప్పేస్తే కాలదు. కాసేపు అక్కడే ఉంచితే బొబ్బలెక్కుతుంది. మంట అదే, వేలూ అదే, మారిందల్లా సమయం. లేజర్‌లోనూ ఇదే సూత్రం. కణజాలంలో వేడి ఒకచోట నుంచి పక్కకు పాకటానికి కొంత సమయం పడుతుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు దూరం పాకటానికే దానికి మైక్రో సెకన్లు కావాలి. ఫెమ్టో పల్స్ అంతకంటే కోట్ల రెట్లు ముందే ముగిసిపోతుంది. కాబట్టి పక్కనున్న కణాలకు వేడి సోకటం చాలా తక్కువ.

మరి అంత తక్కువ సమయంలో కోత ఎలా పడుతుంది? ఇక్కడో లెక్క చూడాలి. ఉదాహరణకు ఒక పల్స్‌లో జౌలులో పది లక్షో వంతు శక్తే ఉందనుకుందాం. ఇది గోరువెచ్చని చుక్క నీటిని వేడి చేయటానికైనా చాలదు. కానీ ఈ కాస్త శక్తినీ 500 ఫెమ్టో సెకన్లలో కుమ్మరిస్తే ఆ క్షణంలో దాని బలం 20 లక్షల వాట్లు! మన ఇళ్లలోని 2 వేల వాట్ల గీజర్లు వెయ్యి ఒకేసారి వేసినంత. దాన్ని సూదిమొన కంటే చిన్న బిందువు మీద కేంద్రీకరిస్తే అక్కడి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడివచ్చి, అతి చిన్న బుడగ ఏర్పడుతుంది. అలాంటి బుడగలను లక్షల సంఖ్యలో పక్కపక్కనే పేర్చుకుంటూ పోతే కణజాలం ఆ గీత వెంబడి విడిపోతుంది. కాంతి కార్నియా పైపొర గుండానే వెళుతుంది గానీ అక్కడ గాయం చేయదు. ఎక్కడ కేంద్రీకరించారో అక్కడే కోత పడుతుంది. బ్లేడుకు ఇది సాధ్యం కాదు. పైపొరను కోయకుండా అది లోపలికి వెళ్లలేదు.

ఈ సంగతి వైద్యుల దృష్టికి వచ్చిన తీరు కూడా ఆసక్తికరమే. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో జెరార్డ్ మూరూ బృందం అతిచిన్న పల్సుల మీద ప్రయోగాలు చేస్తుండగా ఒక పరిశోధక విద్యార్థి కంట్లో ప్రమాదవశాత్తూ లేజర్ పడింది. పరీక్షించిన యువ కంటి వైద్యుడు రాన్ కర్ట్జ్ ఆశ్చర్యపోయాడు. రెటీనా మీద గాయమైతే ఉంది. కానీ దాని అంచులు అంతకుముందు చూసిన లేజర్ గాయాల్లా చెదిరిపోయి లేవు, ఎంతో తీరుగా ఉన్నాయి. ఇంత శుభ్రంగా కోసే లేజర్ శస్త్రచికిత్సకు ఎందుకు పనికిరాదన్న ఆలోచన అక్కడి నుంచే మొదలైంది. అలాంటి బలమైన పల్సులను తయారుచేసే పద్ధతిని 1985లో కనిపెట్టినందుకు మూరూ, డోనా స్ట్రిక్‌లాండ్ 2018లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నారు.

తలుపు తీసి మూసేదెవరు?

పల్స్ కావాలంటే లేజర్‌ను వేస్తూ ఆపుతూ ఉంటే సరిపోతుంది కదా అనిపించొచ్చు. మైక్రో సెకన్ల వరకూ అది కుదురుతుంది. లోపలికి శక్తినిచ్చే కరెంటునే వేస్తూ, తీస్తూ పని నడిపించొచ్చు. కానీ ఫెమ్టో సెకన్లలో తెరిచి మూసే స్విచ్చు ఏ ఎలక్ట్రానిక్ పరికరంతోనూ సాధ్యం కాదు. అందుకే శాస్త్రవేత్తలు ఆ పనిని కాంతికే అప్పగించారు. తలుపును కాంతే తెరుచుకుని వెళ్లేలా చేసే పదార్థాన్ని దాని దారిలో పెట్టారు. దాని పేరే 'శాచురబుల్ అబ్జార్బర్'. పేరు నోరు తిరగనట్టున్నా పని మాత్రం మన పెళ్లి భోజనాల బంతి లాంటిదే.

బంతిలో వంద విస్తళ్లు వేశారనుకోండి. అతిథులు పదిమంది, ఇరవైమంది చొప్పున విడివిడిగా వస్తే అందరినీ కూర్చోబెట్టేస్తారు. ఎవరూ ముందుకు పోలేరు. అదే వెయ్యిమంది ఒక్కసారిగా వచ్చిపడితే? వంద విస్తళ్లూ క్షణంలో నిండిపోతాయి. మిగతా తొమ్మిదివందల మంది పక్క నుంచి ముందుకు సాగిపోతారు. శాచురబుల్ అబ్జార్బర్ కూడా అంతే. బలహీనమైన కాంతి వస్తే మింగేస్తుంది. బలమైన కాంతి ఒక్కసారిగా వస్తే కొంత మింగి, కడుపు నిండిపోయి, మిగతాదానికి దారి వదిలేస్తుంది.

లేజర్ లోపల కాంతి ఒకే దారిలో మళ్లీ మళ్లీ తిరుగుతుంటుంది. పది మీటర్ల గాజు తీగను చుట్టగా చుట్టి అందులో కాంతిని తిప్పితే అది సెకనుకు దాదాపు 2 కోట్ల చుట్లు తిరుగుతుంది. చుట్టు తిరిగిన ప్రతిసారీ ఈ పదార్థం గుండా వెళ్లాలి. అల్లుకుపోయి ఉన్న కాంతిలో బలహీనమైన భాగాలు ప్రతి చుట్టులోనూ తరిగిపోతాయి. బలంగా ఉన్న శిఖరం మాత్రం తప్పించుకుని, చుట్టుచుట్టుకీ ఇంకా సన్నగా, ఇంకా బలంగా తయారవుతుంది. చివరికి ఒకే ఒక్క పదునైన పల్స్ మిగులుతుంది. దీనికి మీట నొక్కే మనిషి గానీ, సర్క్యూట్ గానీ అక్కర్లేదు.

ఇందులో ఇంకో కిటుకు కూడా ఉంది. మొదటి బంతి లేస్తేనే రెండో బంతి వేసేది. విస్తళ్లు ఎంత త్వరగా ఖాళీ అయితే తలుపు అంత త్వరగా మూసుకుంటుంది. కాబట్టి మింగిన కాంతిని చకచకా వదిలించుకుని మళ్లీ ఖాళీ అయ్యే పదార్థం కావాలి. నానో పదార్థాల ప్రత్యేకత ఇక్కడే బయటపడుతుంది.

బొగ్గు నుంచి వచ్చిన వేగం

లేజర్లు వచ్చిన తొలి దశాబ్దాల్లో ఈ పనికి రంగు ద్రావణాలను వాడేవారు. అవి త్వరగా పాడైపోయేవి. 1992లో స్విట్జర్లాండ్‌కు చెందిన భౌతిక శాస్త్రవేత్త ఉర్సులా కెల్లర్ అర్ధవాహక పొరలతో చేసిన ప్రత్యేకమైన అద్దాన్ని తీసుకొచ్చారు. దాన్ని సెసామ్ అంటారు. ఫెమ్టో లేజర్లు ప్రయోగశాల నుంచి బయటి ప్రపంచంలోకి రావటానికి ఇది గట్టి ఊతమైంది. కాకపోతే దీని పొరలను అణువుల మందంలో ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ పోవాలి. తయారీకి ఖరీదైన యంత్రాలు కావాలి. పైగా ఒక్కో సెసామ్ ఒక్కో రంగు కాంతికే, అదీ కొద్దిపాటి హద్దులోనే పనిచేస్తుంది.

2000 దశకం మొదట్లో జపాన్‌లోని పరిశోధకులు కార్బన్ నానోట్యూబులు కూడా ఇదే పని చేయగలవని చూపించారు. ఇవి కర్బన అణువులు గొట్టంలా చుట్టుకున్న రూపాలు. వెంట్రుకలో దాదాపు యాభై వేలో వంతు సన్నగా ఉంటాయి. 2009లో సింగపూర్, బ్రిటన్ బృందాలు గ్రాఫీన్‌తోనూ పల్సులు పుట్టించాయి. గ్రాఫీన్ అంటే మరేమిటో కాదు, పెన్సిల్ మొనలోని గ్రాఫైట్‌లో ఒకే ఒక్క పొర. మాంచెస్టర్‌లో ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ దీన్ని 2004లో మామూలు ప్లాస్టిక్ టేపుతో ఒలిచి వేరుచేసి, 2010లో నోబెల్ అందుకున్నారు. ఒక్క అణువు మందమే ఉన్నా ఇది తన మీద పడిన కాంతిలో 2.3 శాతాన్ని మింగగలదు. రంగుతో పెద్దగా నిమిత్తం లేకుండా, కంటికి కనిపించే కాంతి నుంచి పరారుణ కాంతి వరకూ దేన్నయినా పట్టుకుంటుంది. మింగిన కాంతిని పికో సెకను అటూఇటూగా వదిలించుకుంటుంది. పికో సెకను అంటే వెయ్యి ఫెమ్టో సెకన్లు.

వీటి వాడకం కూడా తేలికే. నానోట్యూబులను ప్లాస్టిక్ ద్రావణంలో కలిపి పల్చటి పొరగా ఆరబెట్టి, చిన్న ముక్క కత్తిరించి, రెండు ఫైబర్ తీగల కొసల మధ్య ఇరికిస్తే చాలు. ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే తీగ లాంటి గాజు తీగే ఇక్కడ లేజర్ అవుతుంది. అందులో ఎర్బియం, ఇటెర్బియం, థూలియం వంటి మూలకాలను కొద్దిగా కలుపుతారు. గాజు తీగల గుండా బొమ్మలను పంపించొచ్చని 1954లోనే చూపించినవారిలో మన పంజాబ్‌లో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ ఒకరు. ఆ దారిలోనే ఫైబర్ ఎండోస్కోపీ వచ్చింది. అదే తీగ ఇప్పుడు కోసే పరికరమూ అవుతోంది. ఫైబర్ లేజర్‌లో అద్దాలను పదేపదే సరిచూసుకునే బాధ ఉండదు. పెద్ద బల్లంత స్థలం కూడా అక్కర్లేదు.

మరి లోపాలు లేవా అంటే, ఉన్నాయి. బలమైన కాంతి కింద నానో పొరలు వేడెక్కి దెబ్బతింటాయి. బ్లాక్ ఫాస్ఫరస్ వంటివి గాలి, తేమ తగిలితే పాడైపోతాయి. ఒకసారి చేసిన పొర ఉన్నట్టే మరోసారి చేసింది ఉంటుందన్న భరోసా తక్కువ. ఆపరేషన్ థియేటర్‌లో ఏళ్ల తరబడి రోజూ ఒకేలా పనిచేయాల్సిన యంత్రానికి ఇవి చిన్న లోపాలు కావు. అందుకే నానో పదార్థాల లేజర్లు ఎక్కువగా ఇప్పటికీ పరిశోధనశాలల్లోనే ఉన్నాయి. ఎవరైనా 'నానో లేజర్' అని ప్రకటన ఇస్తే ఆ మాటకు వైద్యపరంగా స్థిరమైన అర్థమేదీ లేదని గుర్తుంచుకోండి. దాని వెనకున్న చికిత్స అసలు పేరేమిటో అడగండి.

నానో పదార్థం ఒంట్లోకి వస్తుందా?

చాలామందికి వచ్చే అనుమానమే ఇది. రాదు. శాచురబుల్ అబ్జార్బర్ లేజర్ పెట్టె లోపల, ఫైబర్ చుట్టలో బిగించి ఉంటుంది. మన ఒంటిని తాకేది అక్కడి నుంచి వచ్చే కాంతే. జాగ్రత్తపడాల్సింది పొడి రూపంలో నానోట్యూబులను తయారుచేసే, కలిపే చోట పనిచేసేవారు. ఇవి సన్నటి పీచులా ఉంటాయి కాబట్టి పీలిస్తే ఊపిరితిత్తుల్లో చేరే ప్రమాదముంది. ఒక రకం నానోట్యూబులను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 'మనుషుల్లో క్యాన్సర్ కారకం కావచ్చు' అన్న జాబితాలో చేర్చింది కూడా. కాబట్టి అక్కడ పనిచేసేవారికి మాస్కులు, గాలిని వడకట్టే ఏర్పాట్లు తప్పనిసరి. చికిత్స చేయించుకునేవారికి మాత్రం ఈ భయం అక్కర్లేదు.

ఎక్కడ మేలు? ఎక్కడ పేరు?

కళ్లజోడు తీసేయటానికి: పెళ్లి సంబంధాల ముందు, ఉద్యోగ పరీక్షల ముందు ఈ చికిత్స కోసం తొందరపడేవారు ఎక్కువ. లాసిక్‌లో ఫెమ్టో లేజర్ కార్నియా పైన పల్చటి మూత కోస్తుంది. ఆ తర్వాత ఎక్సైమర్ అనే మరో లేజర్ కార్నియా వంపును సరిచేస్తుంది. స్మైల్‌లో ఒక్క ఫెమ్టో లేజరే లోపల చిన్న బిళ్లలాంటి ముక్కను కోస్తే, దాన్ని చిన్న రంధ్రం గుండా బయటకు తీస్తారు. మూతను బ్లేడుతో కోసే పద్ధతి కూడా ఉంది. ఫెమ్టోతో మూత మందం మరింత సమానంగా వస్తుంది. కానీ చివరికి వచ్చే చూపులో రెంటికీ పెద్ద తేడా ఉండదు. లేజర్ రకం కంటే ముందు చేసే పరీక్షలే ఇక్కడ కీలకం. వయసు 18 దాటాలి. కనీసం ఏడాదిగా పవర్ మారకుండా ఉండాలి. కార్నియా మందం, ఆకృతి చూడాలి. కార్నియా శంకువులా పొడుచుకొచ్చే కెరటోకోనస్ ఉంటే లాసిక్ చేయకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కళ్లు బాగా పొడిబారేవారు ఆగాలి. మైనస్ పవర్ ఎక్కువున్నవారు ఇంకో సంగతి మరవొద్దు. జోడు పోయినా రెటీనా పల్చబడే ముప్పు పోదు. కాబట్టి రెటీనా పరీక్షలు కొనసాగించాల్సిందే. నలభై దాటాక చదవటానికి అద్దాలు అవసరం కావటమూ మామూలే.

శుక్లం ఆపరేషన్‌కు: ఇక్కడ ఫెమ్టో లేజర్ కొన్ని కోతలను పెడుతుంది, శుక్లాన్ని ముందే ముక్కలు చేస్తుంది. ఆ తర్వాత ముక్కలను తీసేసి లెన్సు పెట్టాల్సింది సర్జన్ చేతులే. దీన్ని మామూలు ఫేకోతో పోలుస్తూ ఫ్రాన్స్‌లోని అయిదు ఆసుపత్రుల్లో 900 మందికి పైగా రోగులపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2020లో లాన్సెట్‌లో వచ్చాయి. లేజర్‌తో అదనపు ప్రయోజనం కనబడలేదు, ఖర్చు మాత్రం పెరిగింది. అదే ఏడాది వెలువడిన బ్రిటన్ అధ్యయనంలోనూ 785 మందిని పరిశీలించగా చూపు రెండు పద్ధతుల్లోనూ దాదాపు సమానంగానే వచ్చింది. అంటే ఫెమ్టో శుక్లం ఆపరేషన్ చెడ్డదని కాదు. మామూలు ఫేకో గానీ, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చేసే చిన్న కోత ఆపరేషన్ గానీ చేయించుకుంటే అమ్మానాన్నలకు ఏదో లోటు చేశామని బాధపడక్కర్లేదు. అప్పు చేసి మరీ లేజర్ వైపు వెళ్లాల్సిన అవసరం అసలే లేదు.

నీటికాసులకు: ఇక్కడ మాత్రం లేజర్‌ను తక్కువగా అంచనా వేస్తుంటాం. బ్రిటన్‌లో జరిగిన లైట్ అధ్యయనంలో ఎస్‌ఎల్‌టీ లేజర్‌తో చికిత్స మొదలుపెట్టినవారిలో దాదాపు నూటికి 74 మందికి మూడేళ్ల దాకా చుక్కల మందు లేకుండానే కంటి పీడనం అదుపులో ఉంది. రోజూ చుక్కలు వేసుకోవటం మరచిపోయే పెద్దవారికి ఇది మంచి అవకాశం. అయితే ఇది అన్ని రకాల నీటికాసులకూ పనికిరాదు. పోయిన చూపును తిరిగి తేలేదు. పీడనం మళ్లీ పెరగొచ్చు కాబట్టి పరీక్షలు మానకూడదు.

కిడ్నీ రాళ్లకు: ఎండలు మండే మన ప్రాంతంలో నీళ్లు తక్కువ తాగి రాళ్లు తెచ్చుకునేవారికి కొదవ లేదు. ఇప్పుడు బాగా వినిపిస్తున్న పేరు థూలియం ఫైబర్ లేజర్. ఇది అచ్చంగా ఫైబర్ లేజరే. కాకపోతే ఇందులో ఫెమ్టో పల్సులు గానీ, నానో తలుపు గానీ ఉండవు. రాయి పగలటానికి కొంత వేడి కావాలి కాబట్టి మైక్రో సెకన్ల పల్సులే సరైనవి. దీని కాంతిని నీళ్లు హోల్మియం కాంతి కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటాయి. తీగ కూడా ఇంకా సన్నగా ఉంటుంది. అందుకే రాయిని పొడి పొడిగా రాల్చటం తేలిక. 2022లో నార్వేలో 120 మందిపై వచ్చిన అధ్యయనంలో కిడ్నీలోని రాళ్ల విషయంలో థూలియందే పైచేయి అయింది. మూత్రనాళంలోని రాళ్లకు మాత్రం రెండూ సమానంగానే పనిచేశాయి. పల్సులను మెరుగుపరచిన కొత్త తరం హోల్మియంతో పోల్చిన మరో అధ్యయనంలో తేడా కనబడలేదు. కాబట్టి మీ ఊరి ఆసుపత్రిలో హోల్మియం ఉందని దూరం వెళ్లాల్సిన పని లేదు. చేయి తిరిగిన యూరాలజిస్టు ఉండటం అంతకంటే ముఖ్యం.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. చిన్న రాళ్లకు, ముఖ్యంగా అయిదు మిల్లీమీటర్ల లోపు వాటికి, చాలాసార్లు లేజర్ అవసరమే రాదు. నొప్పి తగ్గించే మందులు, కొంత ఓపిక చాలు, వాటంతటవే పడిపోతాయి. రెండు సెంటీమీటర్లు దాటిన పెద్ద రాళ్లకు వీపు వైపు నుంచి చిన్న రంధ్రం చేసి తీసే పద్ధతే తరచూ మేలు. రాయితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా, ఉన్నది ఒకే కిడ్నీ అయినా ఇంట్లో కూర్చోవద్దు. అది అత్యవసరం. అడ్డుపడి చీము పట్టినప్పుడు ముందు స్టెంటు వేసి మూత్రం బయటకు పోయే దారి చూస్తారు. లేజర్ సంగతి తర్వాత. ఇక రాయి మళ్లీ రాకుండా చూసేది ఏ లేజరూ కాదు, నీళ్లే. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా తాగాలి. గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారు ఎంత తాగాలో డాక్టర్‌ను అడిగి తెలుసుకోవాలి.

ఒప్పుకొనే ముందు అడగండి

* ఈ చికిత్స అసలు పేరేమిటి? లేజర్‌తో చేసేది ఏ భాగం, చేత్తో చేసేది ఏ భాగం?
* లేజర్ లేకుండా చేస్తే ఫలితంలో నాకు తేడా ఏముంటుంది? ఖర్చులో తేడా ఎంత?
* నా జబ్బుకు, నా వయసుకు ఇది సరిపోతుందని ఏ పరీక్షల ఆధారంగా చెబుతున్నారు?
* ఇప్పుడే చేయించుకోవాలా, కొన్నాళ్లు ఆగినా ఫర్వాలేదా?
* మళ్లీ చేయాల్సిన అవసరం రావచ్చా? వస్తే ఆ ఖర్చు ఎవరిది?
* ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఏ పద్ధతి వర్తిస్తుంది? ఇది ఆరోగ్యమిత్రను ముందే అడిగితే మంచిది.

ఈ ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పే డాక్టర్ దొరికితే సగం భయం అక్కడే తీరుతుంది.

వేడుకల్లో లేజర్లు... కళ్లు జాగ్రత్త

నిమజ్జనాలు, బరాత్‌లు, డీజే ఊరేగింపుల్లో ఇప్పుడు జనం మీదకే లేజర్ లైట్లు తిప్పుతున్నారు. మన కంటి లెన్సు తన మీద పడిన కాంతిని రెటీనా మీద ఒక్క బిందువుగా కేంద్రీకరిస్తుంది. చదవటానికీ, మొహాలు గుర్తుపట్టటానికీ తోడ్పడే మధ్య భాగం మీద అది పడితే క్షణంలో మచ్చ పడొచ్చు. నొప్పి కూడా తెలియదు. మర్నాడు చూపు మధ్యలో నల్లటి చుక్క కనబడితే అప్పుడు గమనిస్తారు. ఆ మచ్చకు ఖాయంగా నయమయ్యే మందు లేదు. పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని ఆ లైట్లకు ఎదురుగా నిలబడొద్దు. సెల్‌ఫోన్ కెమెరాను కూడా అటు తిప్పొద్దు. బొమ్మల కొట్లలో దొరికే లేజర్ పాయింటర్లు పిల్లల చేతికివ్వొద్దు. చూపులో ఏ తేడా కనిపించినా చుక్కల మందులతో కాలయాపన చేయకుండా రెటీనా పరీక్ష చేయించాలి.

రేపు ఏం రావొచ్చు?

ఫెమ్టో పల్సులు కోయటానికే కాదు, చూడటానికీ పనికొస్తాయి. 1990లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో రూపొందించిన టూ-ఫోటాన్ సూక్ష్మదర్శినితో ముక్క తీయకుండానే బతికున్న కణజాలం లోపలి కణాలను చూడొచ్చు. చర్మం మీది అనుమానపు మచ్చలను ఇలా పరీక్షించే ప్రయత్నాలు జరుగుతున్నాయి. మనం వదిలే ఊపిరిలోని అణువులను లేజర్‌తో లెక్కించి జబ్బు జాడ పట్టే పరిశోధనలూ ఉన్నాయి. ఇవన్నీ ఇప్పుడు ఖరీదైన లేజర్ల మీదే ఆధారపడి ఉన్నాయి. కంటికి వాడే ఒక్క ఫెమ్టో యంత్రం ధరే కోట్ల రూపాయల్లో ఉంటుంది. అందుకే అవి జిల్లా ఆసుపత్రుల దాకా రావటం కష్టమవుతోంది.

ప్లాస్టిక్ పొరలో కలిపిన చిటికెడు నానోట్యూబులు ఆ ఖరీదైన అద్దం పనిని నమ్మకంగా, ఏళ్ల తరబడి చేయగలిగితే లేజర్ చిన్నదవుతుంది. ధర కూడా కొంత దిగుతుంది. నానో పరిశోధన నుంచి మనం ఆశించాల్సిన మేలు ఇదే. అది ప్రకటనల్లో మెరిసే కొత్త పేరుగా కాకుండా, ఏరియా ఆసుపత్రి గదిలో అందరికీ అందే పాత చికిత్సలా వస్తే చాలు. అప్పటివరకూ లేజర్ అన్న మాట విని తొందరపడొద్దు, భయపడొద్దు. మీ జబ్బుకు అది ఎందుకో, ఎంతవరకో అడిగి తెలుసుకోండి.